నికానామా నుంచి గ్రీన్‌కార్డు దాకా: ఆలస్యం ఎక్కడ పుడుతోంది?



ఏటా ఈ సంచికలో చదువుల సాయం గురించో, వైద్య సాయం గురించో నాలుగు మాటలు రాయడం మాకు అలవాటు. ఈసారి మరో విషయం ఎంచుకున్నాం. ఆటోనగర్, గాజువాక ప్రాంతంలో లేత్ పని, బాడీ బిల్డింగ్, లారీ మెకానిక్ పని చేసుకుంటూ పిల్లలను చదివించుకున్న కుటుంబాలు మన సమాజంలో ఎన్నో ఉన్నాయి. ఒక తరం గల్ఫ్‌కు వెళ్లింది. తర్వాతి తరం ఇంజనీరింగ్ చదివి అమెరికా దాకా వెళ్లింది. దాంతో మన ఇళ్లకు అమెరికా సంబంధాలు వస్తున్నాయి. నిఖా బాగానే జరుగుతుంది, వలీమా జరుగుతుంది, అల్లుడు సెలవు అయిపోగానే విమానం ఎక్కుతాడు. అమ్మాయి పుట్టింట్లో ఉండిపోతుంది. ఒక రంజాన్ గడుస్తుంది, ఇంకో రంజాన్ వస్తుంది. చుట్టాలు అడగడం మొదలుపెడతారు. తల్లి సమాధానం చెప్పలేక శుభకార్యాలకు వెళ్లడం మానేస్తుంది.

ఇలాంటి కుటుంబాలు స్కాలర్‌షిప్ ఫారాలతో పాటు ఈ కాగితాలు కూడా పట్టుకుని మా దగ్గరకు వస్తున్నాయి. టీచర్లం కదా, ఇంగ్లిష్ ఫారాలు చదివి చెబుతామని వస్తారు. ఆ కాగితాలు చూడగా మాకు అర్థమైంది ఒక్కటే. ఆలస్యం కొంత అమెరికా ప్రభుత్వ క్యూలో ఉంది, దాన్ని మనం తగ్గించలేం. మిగతా ఆలస్యం మన బీరువాల్లో, మన రిజిస్టర్లలో, నిఖా రోజున తొందరలో రాసిన రాతల్లో ఉంది. దాన్ని మనం తగ్గించగలం. ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అల్లుడి హోదా ఏమిటి?

"అబ్బాయి అమెరికాలో ఉన్నాడు" అన్న ఒక్క మాట మీద చాలా సంబంధాలు ఖాయమవుతున్నాయి. ఆ మాటకు మూడు అర్థాలున్నాయి.

మొదటిది, అబ్బాయి అమెరికా పౌరుడు కావడం. అప్పుడు భార్య 'దగ్గరి బంధువు' కేటగిరీలోకి వస్తుంది. ఈ కేటగిరీకి ఏడాదికి ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. కాగితాల పరిశీలనకు పట్టే కాలమే ఎదురుచూపు.

రెండోది, అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉండడం, అంటే అతను శాశ్వత నివాసి కావడం. అప్పుడు భార్య ఎఫ్2ఎ కేటగిరీలోకి వస్తుంది. కుటుంబ రెండో ప్రాధాన్యం కింద అన్ని దేశాలకూ కలిపి ఏడాదికి 1,14,200 వీసాలుంటాయి. అందులో 77 శాతం ఈ ఎఫ్2ఎ వారికి. పరిమితి ఉంది కాబట్టి వరుస ఉంటుంది. దరఖాస్తు అందిన తేదీయే ఆ వరుసలో మన స్థానం. దాన్ని ప్రయారిటీ డేట్ అంటారు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వెలువరించే వీసా బులెటిన్‌లో ఏ తేదీ వరకు పిలుస్తున్నారో చూసుకోవచ్చు. ఆ తేదీ ముందుకు జరగవచ్చు, ఆగవచ్చు, ఒక్కోసారి వెనక్కి కూడా పోవచ్చు.

మూడోది, అబ్బాయి హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తూ ఉండడం. మన ప్రాంతం నుంచి వెళ్లిన యువకులు ఎక్కువగా ఈ స్థితిలో ఉంటారు. భార్య హెచ్-4 వీసా మీద వెళ్లి కాపురం చేయవచ్చు. కానీ అది శాశ్వత నివాసం కాదు, భర్త ఉద్యోగంతో ముడిపడిన తాత్కాలిక అనుమతి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండడం వల్ల భారతీయుల వరుస చాలా పొడవైంది.

ఇక్కడ నిఖా తేదీకి పెద్ద విలువ ఉంది. అబ్బాయికి గ్రీన్‌కార్డు రాకముందే నిఖా జరిగి ఉంటే, అతని ఉద్యోగ దరఖాస్తు వెంటే భార్య కూడా తర్వాత చేరుకునే వీలుంది. గ్రీన్‌కార్డు వచ్చిన తర్వాత నిఖా జరిగితే కొత్తగా ఎఫ్2ఎ దరఖాస్తు పెట్టి వరుసలో నిలబడాలి. రెండు నెలల తేడాతో దారి మారిపోతుంది. అందుకని సంబంధం మాట్లాడేటప్పుడే, "బాబూ, మీరు ఏ హోదాలో ఉన్నారు? గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ దశలో ఉంది?" అని పెద్దలు అడగడంలో తప్పు లేదు. జీతం అడిగే ధైర్యం ఉన్నప్పుడు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటం ఎందుకు?

దరఖాస్తు నడిచే దారి

పౌరుడైనా గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా ముందుగా భర్త అక్కడి ఇమిగ్రేషన్ శాఖకు ఐ-130 అనే ఫారం పెట్టాలి. 2024 ఏప్రిల్ 1న మారిన రుసుముల ప్రకారం ఆన్‌లైన్‌లో పెడితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675 డాలర్లు. ఇద్దరి మధ్య నిజమైన వివాహం ఉందని నిరూపించడమే ఈ దశ ఉద్దేశం. ఇది ఆమోదం పొందాక ఫైలు న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. అక్కడ రెండు రుసుములు కట్టాలి: వీసా దరఖాస్తుకు 325 డాలర్లు, పోషణ హామీ పత్రం పరిశీలనకు 120 డాలర్లు. ఆ తర్వాత డిఎస్-260 ఫారం నింపి, సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి పెట్టాలి. అన్నీ సరిగా ఉన్నాయని వాళ్లు తేల్చాకే ఇంటర్వ్యూ వరుసలోకి వెళతాం. మన దేశంలో ఈ ఇమిగ్రెంట్ వీసాల ఇంటర్వ్యూలు ముంబయి కాన్సులేట్‌లో జరుగుతాయి. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అని కొందరు అక్కడికి వెళ్లి తిరిగి వస్తున్నారు.

మాకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు నేషనల్ వీసా సెంటర్ దశలోనే ఉంది. ఒక సర్టిఫికెట్ మసకగా ఉందనో, అనువాదం లేదనో వెనక్కి పంపుతారు. మళ్లీ పెడితే మళ్లీ పరిశీలన వరుసలో నిలబడాలి. ఇలా మూడుసార్లు తిరిగితే నెలలు పోతాయి. ఇంకో విషయం. ఈ దశలో ఏడాది పాటు ఏ కదలికా లేకుండా వదిలేస్తే దరఖాస్తును రద్దు చేసే అధికారం వారికుంది. "అబ్బాయి చూసుకుంటున్నాడు" అని ఊరుకోకుండా కేసు నంబరు, ఇన్వాయిస్ నంబరు అమ్మాయి దగ్గర కూడా ఉండాలి. అవి ఉంటే ఎవరినీ బతిమాలకుండా తన ఫైలు ఎక్కడుందో తనే చూసుకోగలదు.

ఎఫ్2ఎ వరుసలో ఉండగా భర్త పౌరసత్వం పొందితే, ఆ సంగతి తెలియజేయగానే భార్య దరఖాస్తు పరిమితి లేని కేటగిరీకి మారుతుంది. అందరూ సంతోషిస్తారు. కానీ ఈ మధ్యలో బిడ్డ పుట్టి ఉంటే జాగ్రత్త పడాలి. ఎఫ్2ఎలో తల్లి వెంట బిడ్డ కూడా అదే దరఖాస్తులో వెళ్లవచ్చు. పౌరుడి భార్య కేటగిరీలో అలా కుదరదు, బిడ్డకు విడిగా ఐ-130 పెట్టాలి. ఈ సంగతి ఇంటర్వ్యూ దాకా వెళ్లాక తెలిస్తే తల్లికి వీసా వచ్చి బిడ్డకు రాని పరిస్థితి వస్తుంది.

నిఖా రోజు రాసిన రాత

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని సూరా బఖరా 282వ ఆయత్‌లో ఆదేశం ఉంది. నాలుగు రూపాయల అప్పుకే అంత జాగ్రత్త చెప్పిన ధర్మం మనది. నికానామా దగ్గరకు వచ్చేసరికి మాత్రం షాదీఖానాలో బిర్యానీ డేగ్‌చీలు దించే హడావుడిలో ఎవరో ఏదో రాసేస్తారు. అమ్మాయి పేరు ఇంట్లో పిలిచే పేరే పడుతుంది. అబ్బాయి తండ్రి పేరులో సగం ఉంటుంది. హిజ్రీ తేదీ వేసి ఇంగ్లిష్ తేదీ ఖాళీగా వదులుతారు. సాక్షుల సంతకం ఉంటుంది, చిరునామా ఉండదు. మహర్ ఎంతో అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఇంకొకటి.

మేము చెప్పేది ఇదే. నిఖాకు వారం ముందే ఇద్దరి పాస్‌పోర్ట్ కాపీలు ఖాజీ సాహెబ్‌కు ఇవ్వండి. పాస్‌పోర్ట్‌లో ఏ అక్షరాలున్నాయో నికానామాలో అవే అక్షరాలు పడాలి. సంతకం పెట్టే ముందు చదువుకున్నవారు ఒకరు కూర్చుని ప్రతి గడీ సరిచూడాలి. నికానామా ఉర్దూలోనో తెలుగులోనో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కావాలి. అనువాదకుడు తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సరైనదని రాసి సంతకం చేయాలి.

నికానామా మన షరీఅత్‌లోనూ, మన దేశ చట్టంలోనూ నిఖాకు సాక్ష్యమే. ఖాజీల నియామకానికి 1880 నాటి ఖాజీల చట్టం కూడా ఉంది. అయినా విదేశీ అధికారికి ప్రభుత్వ ముద్ర ఉన్న నమోదు పత్రం చూపిస్తే ప్రశ్నలు తగ్గుతాయి. ఏ మతం వారి పెళ్లి అయినా నమోదు చేయాలని మన రాష్ట్రంలో 2002లో చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా దేశమంతటికీ అదే మాట చెప్పింది. కాబట్టి అబ్బాయి సెలవు ముగిసేలోపే నమోదు పూర్తి చేసుకోవాలి. అతను వెళ్లిపోయాక ఇద్దరి సంతకాలు ఒకచోట పడాలంటే ఇంకో సెలవు దాకా ఆగాలి.

కొందరు ఏజెంట్లు ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయిస్తామంటారు. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇదివరకే జరిగిన నిఖాను నమోదు చేసుకోవచ్చు. కానీ ఆ జిల్లాలో 30 రోజుల నివాసం, 30 రోజుల నోటీసు అవసరం. మూడు వారాల సెలవు మీద వచ్చిన అబ్బాయికి అది కుదరదు. పైగా అలా నమోదైతే ఆస్తి పంపకం షరీఅత్ ప్రకారం కాక భారత వారసత్వ చట్టం కిందకు వెళ్లే విషయం ఉంది. తెలిసిన వకీలును అడగకుండా ఆ సంతకం పెట్టవద్దు.

నిఖాకు సంబంధించి మరో మూడు సంగతులు మన ఇళ్లలో తరచుగా వచ్చేవే.

ఒకటి, ఫోన్ నిఖా, వీడియో నిఖా. కరోనా కాలం నుంచి ఇవి పెరిగాయి. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం, వధూవరులు ఒకేచోట లేకుండా జరిగిన పెళ్లి తర్వాత వారిద్దరూ కలిసి కాపురం చేస్తే తప్ప భార్యాభర్తల సంబంధంగా లెక్కలోకి రాదు. వీడియోలో ఖబూల్ చెప్పించి మర్నాడే దరఖాస్తు పెడితే అది తిరస్కారానికే పోతుంది. అబ్బాయి వచ్చి వెళ్లిన పాస్‌పోర్ట్ ముద్రలు, ఆ తర్వాతి తేదీ దరఖాస్తు ఉండాలి.

రెండు, మేనరికాలు, చాచా-ఖాలా పిల్లల మధ్య సంబంధాలు. మన దగ్గర చెల్లుతాయి. అమెరికాలో ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో ఇలాంటి పెళ్లిళ్లపై నిషేధం ఉంది. అబ్బాయి ఏ రాష్ట్రంలో ఉంటున్నాడో చూసి అక్కడి ఇమిగ్రేషన్ వకీలు సలహా ముందే తీసుకోవాలి.

మూడు, ముందు పెళ్లి. ఇద్దరిలో ఎవరికైనా అంతకు ముందు పెళ్లి జరిగి ఉంటే అది చట్టబద్ధంగా ముగిసిందని చూపాలి. ఒకేసారి మూడుసార్లు చెప్పే తలాక్ చెల్లదని 2019లో చట్టమే వచ్చింది. అలాంటి తలాక్‌నామా పట్టుకుని మరో నిఖా చేసుకుంటే, పాత పెళ్లి ముగియలేదన్న కారణంతో కొత్త భార్య దరఖాస్తు కూలిపోతుంది. రెండో భార్య హోదాను అమెరికా అసలు గుర్తించదు.

ఒక్క మనిషికి నాలుగు పేర్లు

ముప్పై ఏళ్లకు పైగా బడిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ సంగతి మాకు బాగా తెలుసు. తెలుగు ముస్లిం పిల్లల పేర్లు రికార్డుల్లో పడే అవస్థ ఇంకెవరి పేర్లూ పడవు. షేక్ అన్నది ఒక చోట పూర్తిగా, ఒక చోట 'ఎస్‌కె', ఇంకో చోట 'ఎస్' చుక్క 'కె' చుక్క. మొహమ్మద్ అన్న పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగైదు రకాలు. 'ఎండి' అని కుదించి రాసేవారూ ఉన్నారు. అమ్మాయి పేరు చివర బడిలో 'బేగం' ఉంటుంది, ఆధార్‌లో 'బీ' ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో రెండూ ఉండవు. ఇంటిపేరు ముందు రాయడం మన పద్ధతి, చివర రాయడం వాళ్ల పద్ధతి. అక్కడి అధికారి కంటికి ఇవన్నీ వేర్వేరు మనుషులు.

పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాయించుకున్నవారికి ఇంకో ఇబ్బంది. అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరుగా మారి, అసలు పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యు' అనే మూడు అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని దానర్థం. తర్వాత అక్కడ డ్రైవింగ్ లైసెన్సులోనూ బ్యాంకులోనూ అమ్మాయి అదే పేరుతో చెలామణీ కావాల్సి వస్తుంది.

పుట్టినతేదీ సంగతి కూడా ఇలాంటిదే. ఒకప్పుడు తేదీ గుర్తులేక బడిలో చేర్చేటప్పుడు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేయించేవారు. అదే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్ట్‌లోకి వెళ్లింది. ఆసుపత్రి రికార్డు ప్రకారం వచ్చిన పుట్టిన సర్టిఫికెట్‌లో వేరే తేదీ ఉంటుంది.

దీనికి మందు ఒక్కటే. సంబంధాలు చూడటం మొదలుపెట్టిన రోజే అమ్మాయి కాగితాలన్నీ మంచం మీద పరిచి, పుట్టిన సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్ట్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే నిఖాకు ముందే సరిచేయించండి. పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మార్చాల్సిన అవసరం లేదు. పాస్‌పోర్ట్‌కు పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి అన్న నిబంధనను 2016 డిసెంబరులోనే తీసేశారు. పుట్టింటి పేరుతోనే గ్రీన్‌కార్డు దాకా వెళ్లవచ్చు. అనవసరంగా పేరు మార్చి, మళ్లీ అన్ని కాగితాలూ మార్చుకుంటూ తిరగడం ఎందుకు?

పుట్టిన సర్టిఫికెట్ ఏ ఆఫీసులో ఉంది?

గాజువాక మునిసిపాలిటీ 2005 నవంబరులో చుట్టుపక్కల 32 గ్రామాలతో పాటు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పుడు పెళ్లీడుకు వచ్చిన అమ్మాయిల్లో చాలామంది అంతకు ముందు పుట్టినవారే. వారి జననం అప్పటి మునిసిపాలిటీలోనో, గ్రామ పంచాయతీలోనో నమోదై ఉంటుంది. ముందు వార్డు సచివాలయంలో అడిగి, పాత రిజిస్టర్ ఇప్పుడు ఏ జోనల్ ఆఫీసులో ఉందో తెలుసుకోవాలి.

మరో తికమక జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. పాస్‌పోర్ట్‌లో పుట్టిన ఊరు అనకాపల్లి, విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, కొత్త సర్టిఫికెట్‌లో అనకాపల్లి జిల్లా అని వస్తుంది. అలాగే 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో పుట్టినవారికి ఒకచోట ఆంధ్రప్రదేశ్, ఇంకోచోట తెలంగాణ. ఇది తప్పు కాదు, సరిహద్దు మారడం వల్ల వచ్చిన తేడా. ఇంటర్వ్యూలో అడిగితే ఆ మాటే నిదానంగా చెప్పేలా అమ్మాయికి తెలిసి ఉండాలి.

పాత సర్టిఫికెట్లలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండడం మామూలే. ఆసుపత్రిలో నమోదు అయ్యేనాటికి పేరు పెట్టి ఉండరు. అలాంటి సర్టిఫికెట్ ఇంటర్వ్యూకు పనికిరాదు, పేరు చేర్పించుకోవాలి. అసలు నమోదే జరగకపోతే రెండు దారులున్నాయి. ఏడాది దాటిన జననాన్ని అధీకృత మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించుకోవచ్చు. లేదా రికార్డు లేదని ఆ కార్యాలయం నుంచే రాయించుకుని, దానికి బడి సర్టిఫికెట్, జననం గురించి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయవచ్చు. ఏజెంటు ఒక్కరోజులో తెచ్చిస్తానన్న సర్టిఫికెట్ మాత్రం తీసుకోవద్దు. దొంగ పత్రం పెట్టినట్టు తేలితే ఆ అమ్మాయికి అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు.

పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష, ముంబయి ప్రయాణం

పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి దరఖాస్తు చేసుకోవాలి. పాస్‌పోర్ట్‌లో ఉన్న చిరునామా, ఇప్పుడు ఉంటున్న చిరునామా వేరైతే విచారణ ఆలస్యమవుతుంది. అద్దె ఇళ్లు మారుతూ ఉండే మన కుటుంబాలకు ఇది తరచుగా వచ్చే చిక్కు. అమ్మాయి చిన్నప్పుడు తండ్రితో గల్ఫ్‌లో ఉండి, 16 ఏళ్లు దాటాక కూడా అక్కడ ఏడాదికి పైగా గడిపి ఉంటే ఆ దేశం నుంచి కూడా పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు. తండ్రి ఇఖామా ముగిసి ఇంటికి వచ్చేశాక ఆ కాగితం తెప్పించడం కష్టం. పాత పాస్‌పోర్టులు, ఇఖామా కాపీలు పారేయవద్దని మేము పదే పదే చెప్పేది అందుకే.

వైద్య పరీక్ష కాన్సులేట్ ఆమోదించిన డాక్టర్ల దగ్గరే జరగాలి. ఛాతీ ఎక్స్‌రేలో అనుమానం వస్తే కఫం పరీక్షకు పంపుతారు, దాని ఫలితానికి సుమారు రెండు నెలలు పడుతుంది. దానికి ఎవరూ భయపడనక్కర్లేదు, దాచనూ కూడదు.

ఏజెంట్లు అపోస్టిల్ పేరుతో వేలు గుంజుతున్నారు. కొన్ని దేశాలకు అది అవసరమే. అమెరికా ఇమిగ్రెంట్ వీసా కోసం పెట్టే నికానామాకు, పుట్టిన సర్టిఫికెట్‌కు సాధారణంగా అది అక్కర్లేదు.

ఇంటర్వ్యూలో అధికారి చూసేది ఈ పెళ్లి నిజమైనదా అని. ఫోటోలు అడుగుతారు. పరదా పాటించే ఇళ్లలో ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటీ ఉండదు. పెళ్లిరోజు రెండు కుటుంబాల పెద్దలతో కలిసి మర్యాదగా దిగిన కొన్ని ఫోటోలు చాలు. వాటితో పాటు పెళ్లికార్డు, షాదీఖానా రసీదు, అబ్బాయి పంపిన డబ్బు బ్యాంకు వివరాలు, రాకపోకల టికెట్లు, ఫోన్ కాల్స్ వివరాలు జాగ్రత్త చేయాలి. భర్త ఏ కంపెనీలో పని చేస్తాడు, ఎవరితో ఉంటాడు అని అడిగితే, "అబ్బాకు తెలుసు" అని చెప్పకూడదు. అమ్మాయికే తెలిసి ఉండాలి.

ఇంటర్వ్యూ తర్వాత 221(జి) అని రాసిన కాగితం ఇస్తే కుటుంబాలు కుప్పకూలిపోతున్నాయి. అది చివరి మాట కాదు. ఇంకా ఏదో కాగితం కావాలనో, ఇంకా పరిశీలించాలనో దానర్థం. అడిగినది ఏడాదిలోపు ఇవ్వాలి. ఆ కాగితాన్ని చుట్టాల కంట పడకుండా దాచేయడం కాదు, అందులో ఏం అడిగారో చదివించుకోవాలి.

వీసా వచ్చాక

అమెరికాలో అడుగుపెట్టే రోజుకు నిఖా అయి రెండేళ్లు నిండకపోతే, వచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్లకే పరిమితం. గడువు తీరడానికి ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 ఫారం పెట్టాలి. అక్కడ మా ఆందోళన ఏమిటంటే, ఆ సంతకం కోసం అమ్మాయిని బెదిరించేవారు కొందరుంటారు. "నేను సంతకం పెట్టకపోతే నిన్ను వెనక్కి పంపిస్తారు" అంటారు. హింస జరిగినా, నిజంగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా భర్త సంతకం లేకుండానే ఆ ఫారం పెట్టుకునే మినహాయింపు అక్కడి చట్టంలో ఉంది. ప్రతి అమ్మాయికీ ప్రయాణానికి ముందే ఈ మాట చెప్పి పంపాలి. నికానామా, పాస్‌పోర్ట్, కేసు కాగితాల కాపీలు పుట్టింట్లో ఒక సెట్టు ఉండాలి. వదిలేసిన భర్తల విషయంలో జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్నారై విభాగం ఫిర్యాదులు తీసుకుంటుంది. భారత కాన్సులేట్లలో సంక్షేమ నిధి ద్వారా న్యాయ సాయం కూడా ఉంది.

మొదటి పురుడు పుట్టింట్లో అన్నది మన ఆచారం. గ్రీన్‌కార్డు ఉన్న అమ్మాయి పురుటికి వచ్చి ఆరు నెలలు దాటితే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు వస్తాయి. ఏడాది దాటితే కార్డే ప్రమాదంలో పడుతుంది. ఎక్కువ కాలం ఉండాల్సి వస్తే బయలుదేరకముందే, అక్కడ ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి.

దాతలకు మా మనవి

అమెరికాలో ఉన్న మన దాతలను కొన్ని కుటుంబాలు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టమని అడుగుతుంటాయి. భర్త ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం లేకపోతే ఇంకొకరి హామీ కావాలి. అది సిఫారసు ఉత్తరం లాంటిది కాదు, చట్టబద్ధమైన బాధ్యత. ఆ అమ్మాయి పౌరురాలయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు ఆమె ఖాతాలో చేరేదాకా అది కొనసాగుతుంది. విడాకులైనా పోదు. తెలిసి పెట్టేవారికి అల్లాహ్ ప్రతిఫలం ఇస్తాడు. తెలియక ఎవరూ పెట్టవద్దు.

ఇక్కడ ఉన్న దాతలను మేము కోరేది చిన్న సాయాలే. ఒక స్కానర్, ఒక ప్రింటర్. ఉర్దూ, ఇంగ్లిష్ రెండూ వచ్చిన వ్యక్తికి అనువాదానికి గౌరవ వేతనం. పేద కుటుంబంలోని తల్లీకూతుళ్లు విశాఖ నుంచి లోకమాన్య తిలక్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబయి వెళ్లి నాలుగు రోజులు ఉండి రావడానికి ఖర్చు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి మస్జిద్‌లో నిఖా రిజిస్టర్ పక్కన ఉంచేందుకు ఒక పేజీ సూచనల అట్ట. పాస్‌పోర్ట్ ప్రకారం పేర్లు రాశారా, రెండు తేదీలూ వేశారా, సాక్షుల చిరునామా ఉందా, నమోదుకు ఏ రోజు వెళుతున్నారు అని అందులో ఉంటుంది. జకాత్ నుంచి ఇందులో దేనికి ఇవ్వవచ్చో మన ఉలమాలను అడిగి నిర్ణయించాలి. సదఖా రూపంలో ఇచ్చేవారికి అభ్యంతరం లేదు.

ఒక్క షరతు మాత్రం మేము పెట్టుకున్నాం. గ్రీన్‌కార్డు కోసమే చేసే ఉత్తుత్తి పెళ్లి కాగితాలను మా బల్ల మీదకు రానివ్వం. అమెరికాలో దానికి ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. అంతకు మించి, నిఖా అనే అమానత్‌కు అది ద్రోహం.

పెళ్లి చేసి పంపామన్న తృప్తి తల్లిదండ్రులకు కలగాలంటే అమ్మాయి తన ఇంటికి చేరాలి. అక్కడి క్యూ మన చేతిలో లేదు. నికానామాలో అక్షరం సరిగా పడడం మన చేతిలో ఉంది. అది చూసుకుందాం. ఎదురుచూస్తున్న ప్రతి బిడ్డకూ అల్లాహ్ దారి సుగమం చేయుగాక. ఆమీన్.